అమ్మ కూర్చోవలసిన సీటు

మొన్నొక ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి కొడుకు కొత్త మోటారుసైకిలు కొనుక్కుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పసుపూ కుంకుమా అలంకారాలన్నీ అయ్యాక తిన్నగా మా ఇంటి గుమ్మంలోకి తెచ్చి ఆపాడు. మా చుట్టాల్లో ఎవరు ఏ బండి కొన్నా ముందు నాకు చూపించడం ఆనవాయితీ అయిపోయింది, ఎందుకంటే ఈ చోడవరంలో పుట్టి పెరిగి, మోటారుసైకిళ్లు తయారుచేసే కంపెనీలో డ్రాయింగు బల్ల ముందు నిలబడ్డ మనిషిని మా వంశం మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాననుకోండి, అయినా వీళ్ల దృష్టిలో నేను ఇప్పటికీ బళ్లు చేసిన అత్తనే.

“ఇది స్పోర్ట్ టూరింగ్ బండత్తా, సూడు ఎలాగుందో” అన్నాడు వాడు, చేతి రుమాలుతో ట్యాంకు తుడుస్తూ. కళ్లజోడు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాను. మంచిని మంచి అనాలి. ఇంజను స్టార్టు చేస్తే గ్లాసులో నీళ్లు తొణకవు, ఎదురుగాలి ఛాతీకి కొట్టకుండా ముందు అద్దం ఉంది, బ్రేకులు మా రోజుల్లో కలలో కూడా ఊహించనివి. ఇదంతా చూసి మురిసిపోతూ వెనక్కి వచ్చేసరికి నా ఒళ్లు మండింది. వెనక సీటు అన్న పేరుతో అక్కడ అరచెయ్యంత మెత్త ఒకటి, ముందు సీటుకంటే జానెడు ఎత్తున, పిట్ట వాలడానికి చేసినట్టు పెట్టారు. పట్టుకోవడానికి ఏమీ లేదు, కాళ్లు పెట్టుకునే చోటు మోకాళ్లు గడ్డానికి తగిలేంత పైన ఉంది.

“ఒరే, దీని మీద నీ పెళ్లాం ఎక్కడ కూసుంటాదిరా?” అని అడిగాను. వాడు నవ్వి, “దానికి గట్టిగా పట్టుకోడం రాదత్తా, పడిపోతానని బయం” అన్నాడు. వాడు మంచివాడే, పెళ్లాం మీద ప్రేమ లేనివాడు కాదు. కానీ ఆ ఒక్క మాట వినేసరికి కాఫీ ఇస్తానన్నదాన్ని ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోయాను. పాపం వాడికి ఏమీ అర్థమై ఉండదు. మీకైనా అర్థమవుతుందని చెప్పుకుంటున్నాను.

స్పోర్ట్ టూరింగ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క ముక్క చెప్పాలి. పందెం బండిలాగా మలుపుల్లో చురుగ్గా ఒరగాలి, అదే బండి మీద ఇద్దరు మనుషులు సామానుతో సహా పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి ఇంకో జిల్లాలో నడుంనొప్పి లేకుండా దిగాలి. ఇద్దరు అన్నది నేను కలిపిన మాట కాదు. మా కంపెనీ అలాంటి బండి పని మొదలుపెట్టిన రోజున మా పెద్దసారు బోర్డు మీద సుద్దముక్కతో రాసిన మాట. ఆ ఇద్దరిలో ఒకరిని ఎప్పుడు తుడిచేశారో, ఎవరు తుడిచేశారో నాకు తెలుసు, ఆ గదిలో నేనున్నాను.

అంతకంటే ముందు మా ఇంటి సంగతి చెప్పకపోతే నా కోపం ఎవరికీ తలకెక్కదు. మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మేన్, అంటే రైతుల చెరుకుతోటలు తిరిగి చూసి ఎవరి తోట ఎప్పుడు నరకాలో చెప్పే ఉద్యోగం. రోలుగుంట, దేవరాపల్లి, మాడుగుల చుట్టుపట్ల ఊళ్లన్నీ తిరగాలి గనుక ఆయనకి పాత మోటారుసైకిలు ఒకటి ఉండేది. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ల పిల్లలు, మేమూను. నా ఈడువాళ్లకి ఇది వింతగా అనిపించదు గానీ, ఆ ఇంట్లో మా అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను ఎన్నడూ చూడలేదు. పెద్దవాళ్ల ఎదుట మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం మర్యాద కాదు. ఆయన స్నానానికి నీళ్లు తోడితే, పక్కనే నిలబడ్డ ఆయనకి వినబడేలా, “నీళ్లు తోడేనని మీ నాన్నకి సెప్పు” అని నాతో అనేది అమ్మ. ఆయన విని కూడా నేను వెళ్లి చెప్పేదాకా కదిలేవారు కాదు. పడుకోవడం కూడా మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లూ పిల్లలూ లోపల వరసగా. అలాంటి ఇంట్లో మేమిద్దరం ఎలా పుట్టామా అని పెద్దయ్యాక నేనూ తమ్ముడూ నవ్వుకునేవాళ్లం.

వాళ్లు మాట్లాడుకునే చోటు ఒక్కటే, ఆ మోటారుసైకిలు. అమ్మ పుట్టిల్లు మాడుగుల. ఎప్పుడో పండగకో పురిటికో వెళ్లాల్సి వస్తే నాన్న బండి తీసేవారు, నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవారు, అమ్మ వెనక ఒక పక్కకి కాళ్లు వేసుకుని కూర్చునేది. ఊరు దాటేదాకా ఎవరూ మాట్లాడరు. చెరుకుతోటలు మొదలయ్యేసరికి నాన్న భుజం వెనక నుంచి అమ్మ గొంతు వచ్చేది, ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతు, అందులో నవ్వు కూడా ఉండేది. పెద్దమ్మ ఏమందో, ఎవరి నగలు ఏ తాకట్టులో ఉన్నాయో, నాకు గౌనుగుడ్డ ఏ రంగు తీసుకోవాలో, అన్నీ ఆ దారిలోనే తేలేవి. నాన్న మామూలుగా ముక్తసరి మనిషి, ఆ బండి మీద మాత్రం ఎదురు ప్రశ్నలు వేసేవారు, ఒక్కోసారి పాట కూడా పాడేవారు. ట్యాంకు వేడికి తొడలు చురుక్కుమంటున్నా నేను కిక్కురుమనకుండా కూర్చునేదాన్ని, నేను కదిలితే ఆ మాటలు ఆగిపోతాయేమోనని నా భయం.

అలా ఒకసారి వెళుతున్నప్పుడు వడ్డాది దాటాక మలుపులో చెరుకు బండి ఎదురొచ్చింది. నాన్న బ్రేకు వేశారు, బండి ఎడమకి వాలింది, అమ్మ ఒళ్లోని మూటతో సహా రోడ్డు మీద పడింది. తుంటి ఎముక దెబ్బతిని చాలా రోజులు మంచం మీద ఉంది, లేచాక కూడా ఆ కాలు కొంచెం ఈడ్చేది. పరామర్శకి వచ్చిన ప్రతి ఒక్కరూ, ఆడా మగా తేడా లేకుండా, ఒకే మాట అన్నారు. “గట్టిగా పట్టుకు కూసోవాల కదేటే!”

ఏం పట్టుకోవాలి? ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. ఆ సీటుకి అడ్డంగా ఒక తోలుపట్టీ ఉండేది, పక్కకి కూర్చున్నవాళ్లకి అది పిర్రల కిందకి పోతుంది, చేతికి అందదు. ఇక మిగిలింది మొగుడి భుజం. నడిరోడ్డు మీద మొగుణ్ణి పట్టుకుని ఊరేగితే సిగ్గులేని మనిషంటారు, పట్టుకోక పడిపోతే తెలివితక్కువ మనిషంటారు. మలుపు తిప్పిన నాన్ననీ, చెరుకు బండివాణ్ణీ, ఆఖరికి ఆ సీటు చేసిన కంపెనీనీ ఒక్కరంటే ఒక్కరు ఏమీ అనలేదు. అందరూ కలిసి పడ్డ మనిషినే దోషిని చేశారు, ఆవిడ కూడా తల ఊపి ఒప్పుకుంది.

అమ్మ మళ్లీ ఆ బండి ఎక్కలేదు. పుట్టింటికి బస్సులో వెళ్లేది, నాన్న బండి మీద వెనకో ముందో వచ్చేవారు. ఆ తర్వాత ఒక్కొక్కరే పెద్దవాళ్లు పోయారు, పెదనాన్నవాళ్లు వేరింటికి వెళ్లిపోయారు, ఇక మర్యాద చూపించడానికి ఎదుట ఎవరూ లేరు, అయినా మా ఇంట్లో ఆ మౌనం అలాగే ఉండిపోయింది. అలవాటు తప్పిపోయింది వాళ్లకి. నేను ఇంజనీరింగు చదువుతూ సెలవులకి ఇంటికి వచ్చినా “అన్నానికి రమ్మను మీ నాన్నని” అనేది అమ్మ, ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని ఉండగానే.

చదువయ్యాక పక్క రాష్ట్రంలో ఒక మోటారుసైకిళ్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఆ విభాగమే లేదు. డిజైను గదిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. మొదట్లో నాకు ఇచ్చిన పనులు బోల్టులూ, బ్రాకెట్లూ, నంబరు ప్లేటు తగిలించే రేకూను. అప్పుడే కంపెనీ స్పోర్ట్ టూరింగ్ బండి ఒకటి చెయ్యాలని తలపెట్టింది, మన దేశంలో అలాంటి ఊసే లేని కాలం అది. ఒకరికి ఇంజను, ఒకరికి ఛాసిస్, ఒకరికి గాలి తగలకుండా కప్పే ముందుభాగం ఇలా పంచుతూ వచ్చి, పెద్దసారు నా దగ్గర ఆగి, “వెనక సీటు నువ్వు చూసుకోమ్మా, ఎలాగూ కూర్చునేది మీరే కదా” అన్నారు. గదంతా నవ్వారు. నేను సరేనని తలవంచుకుని నా బల్ల దగ్గరకి వచ్చి కూర్చున్నాక, వడ్డాది మలుపు జ్ఞాపకం వచ్చి, దేవుడా, అడక్కుండానే ఇచ్చావు అనుకున్నాను.

బండి ఎలా పుడుతుందో చూడనివాళ్లకి తెలియదు. ముందు కాగితం మీద గీతలు, ఆ తర్వాత చెక్కతో ఒక ఉత్తుత్తి బండి, ఇంజనూ చక్రాలూ ఏమీ లేకుండా కేవలం సీటూ, హ్యాండిలూ, కాళ్లు పెట్టుకునే కడ్డీలూ మాత్రమే. దాని మీద పొడుగూ పొట్టీ లావూ సన్నం మనుషుల్ని ఎక్కించి ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతుందో అడుగుతారు. అదంతా ముందు కూర్చునేవాడి కోసం. వెనక కూర్చునే మనిషికి బదులు అక్కడ ఏం పెట్టేవారో తెలుసా? ఇసుక మూట! ఇసుక నింపిన గోతాన్ని సీటు మధ్యలో తాళ్లతో బిగించి, అదే వెనక మనిషి అని లెక్క వేసుకునేవారు. ఇసుక మూట పక్కకి కాళ్లు వేసుకోదు, ఒళ్లో పిల్లని పెట్టుకోదు, చీర చక్రంలో పడుతుందేమోనని చూసుకోదు, పడితే ఏడవదు. అలాంటి మూటని ముందు పెట్టుకుని పెద్ద పెద్ద డిగ్రీలున్న మగవాళ్లు, వెనక సీటు బ్రహ్మాండంగా ఉందని రాసుకునేవారు.

మర్నాడు నేను చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్లి, అందరూ చూస్తుండగా ఆ చెక్కబండి మీద పక్కకి కూర్చున్నాను. ఒకడు పళ్లికిలించాడు, ఒకడు ఈల వేశాడు. వెయ్యనీ అనుకుని పెన్సిలూ టేపూ తీసి, నా చెయ్యి ఎక్కడికి అందుతుందో, కాలు ఎక్కడ వేలాడుతుందో కొలుచుకున్నాను. ఎడమ పక్కకి తిరిగి కూర్చున్నవాళ్లకి బండి ముందుభాగం కుడిచేతి వైపు వస్తుంది, ఆ చేతికి మొగుడి భుజం తప్ప వేరే ఆధారం లేదు. అందుకని రెండు సీట్ల మధ్య, కూర్చున్న మనిషి కుడి తుంటి పక్కగా, పిడికిలి పట్టేంత ఉక్కు కమ్మీ ఒకటి వంచి పెట్టాను. ఎడమ చేతికి వెనక ఇంకో కమ్మీ. సీటు వెడల్పుగా, ముందు సీటుకి దాదాపు సమానమైన ఎత్తులో. బండి మలుపులో ఎడమకి ఒరిగినప్పుడు కాళ్లు రోడ్డుకి రాసుకోకుండా పాదాల పలకని పైకీ లోపలికీ జరిపాను. టూరింగు బండికి పక్కల సామాను పెట్టెలుంటాయి కదా, ఎడమ పెట్టె కాళ్లకి అడ్డొస్తుంటే దాన్ని వెనక్కి నెట్టాను. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ దీనికి నెలల తరబడి పోట్లాడాను. పెట్టె జరిపితే బరువు వెనక్కి పోతుందని ఒకడు, కమ్మీ పెడితే అందం పోతుందని ఒకడు, అసలు ఇలాంటి బండి మీద పక్కకి కూర్చోవడమేమిటని అందరూను. మా ఊరు రండి చూపిస్తాను, అన్నాను.

నిజంగానే రావలసి వచ్చింది. రోడ్డు మీద పరీక్షించడానికి నమూనా బండి తయారయ్యాక మలుపులు దండిగా ఉన్న కొండదారి కావలసి వచ్చింది. మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే ఘాటు గురించి నేను ఊరించి ఊరించి చెప్పి ఒప్పించాను. అందులో నా స్వార్థం నాకుంది, దాచుకోను. పరీక్షించే రైడరు మా పక్కవాడే, అనకాపల్లి ముస్లిముల ఇంటివాడు, కంపెనీలో అందరూ భాయ్ అనేవారు. అతివేగంగా నడపగలిగీ ఎప్పుడూ నడపని మనిషి, బండిని కూడా మనిషిలాగే మర్యాదగా చూసేవాడు. నా సీటుని చూసి నవ్వని మగవాడు ఆ కంపెనీలో అతనొక్కడే. “మా అమ్మీజాన్ కూడా ఇలాగే కూసుంటాదమ్మా” అన్నాడు చూడగానే.

ఘాటు పని రెండు రోజులు సజావుగా జరిగాక, బండిని మా ఇంటి ముందుకి తెమ్మన్నాను. రంగు వెయ్యని రేకులతో, అక్కడక్కడా నల్లటేపు చుట్టి, అనాకారిగా ఉంది. అమ్మ మజ్జిగ గ్లాసుతో బయటికి వచ్చింది. భాయ్‌కి మజ్జిగ ఇచ్చి, సీటు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. నూతి చేద బలం చూసినట్టు ఆ కమ్మీని రెండు చేతులా పట్టుకుని గుంజింది, పలక మీద పాదం ఆనించి నొక్కింది.

“ఊడిరాదు కదే?” అంది.

రాదన్నాను.

“అయితే ఎక్కుతాను. మీ నాన్నని నడపమను” అంది, నా మొహం చూస్తూ. నాన్న నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు.

నేను చెప్పేదాకా ఆయన కదల్లేదు. అసలైతే కంపెనీ మనిషి తప్ప ఇంకొకరు ఆ బండి ముట్టుకోకూడదు. భాయ్ ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, “నాను టీ తాగొస్తానమ్మా, ఈలోగా బండి ఏటి అయ్యిందో నాకు తెలీదు” అని సందు మలుపు తిరిగిపోయాడు. మజ్జిగ తాగిన నోటితోనే టీకి వెళ్లిన ఆ మనిషికి నేను ఇప్పటికీ దండం పెడతాను. నాన్న హ్యాండిలు పట్టుకుని ఇంజను స్టార్టు చేశారు. అమ్మ కొంగు నడుంకి దోపి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని కూర్చుంది. బండి మాడుగుల వైపు తిరిగింది.

ఎంతకీ రాలేదు. భాయ్ టీ తాగి వచ్చాడు, మళ్లీ వెళ్లి ఇంకో టీ తాగాడు. వీధిగుమ్మంలోంచి లోపలికీ, లోపల నుంచి వీధిలోకీ తిరిగి తిరిగి నా కాళ్లు పీకాయి. చివరికి బండి చప్పుడు వినబడి బయటికి పరిగెత్తాను. అమ్మ జుట్టంతా రేగిపోయి ఉంది, ఒళ్లో మాడుగుల హల్వా పొట్లం ఉంది, ఆవిడ మాట్లాడుతోంది. నాతో కాదు. “అందుకే సెప్తన్నాను మీకు, ఆ మెట్టచెక్క అమ్మీకండి, సెరుకు కాకపోతే సరుగుడు ఏసుకోవచ్చు, ఇప్పుడు తొందరేటొచ్చింది” అంటూ, బండి ఆగాక కూడా ఆయన వీపుకేసే చెబుతోంది, ఆయన మెడ వెనక్కి తిప్పి ఊఁ కొడుతున్నారు. నన్ను చూసి ఇద్దరూ టక్కున ఆగిపోయారు. అమ్మ దిగి లోపలికి పోతూ, “సీటు బాగుందే” అంది, అంతే.

ఆ రాత్రి నాన్న నాతో, ఈ బండి అమ్మకానికి రాగానే మన జిల్లాలో మొదటిది తనే తీసుకుంటాననీ, రిటైరయ్యాక అమ్మని అరకు తీసుకెళ్తాననీ చెప్పారు. అమ్మకి మాత్రం చెప్పలేదు. అది బండి మీదే చెప్పాలనుకున్నారు కాబోలు.

భాయ్ తన పరీక్షలో సీటుకి పూర్తి మార్కులు వేశాడు. మలుపుల్లో పలక తగల్లేదనీ, వెనక మనిషి పక్కకి కూర్చున్నా బండి తూలలేదనీ చెప్పాడు. నేను గాలిలో తేలిపోతున్న రోజులవి. ఆ తర్వాత కంపెనీవారు బండికి ఆఖరి రూపు దిద్దడానికి బయటినుంచి ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయన పట్టణాల్లో కాలేజీ కుర్రాళ్లని పోగుచేసి, నమూనాని తిప్పి తిప్పి చూపించి, ఏది నచ్చిందో ఏది నచ్చలేదో అడిగాడు. వాళ్లలో ఒక్క ఆడపిల్ల లేదు. వెనకభాగం బరువుగా ఉందన్నారట, ఎవడో దానికి “ఆంటీ సీటు” అని పేరు పెట్టాడట. మర్నాటికల్లా ఆ పేరు మా డిజైను గది అంతా పాకిపోయింది. నేను నడిచి వెళుతుంటే వెనక నుంచి, ఆంటీ సీటు వస్తోందిరోయ్, అనేవారు. నేను అప్పటికి పెళ్లి కూడా కాని మనిషిని.

ఆఖరి సమావేశంలో ఆ పెద్దమనిషి కొత్త బొమ్మ గోడకి తగిలించాడు. తోక తేలు కొండిలాగా పైకి లేచింది, నా సీటు పోయింది, రెండు కమ్మీలూ పోయాయి, ఆ చోట అరచెయ్యంత మెత్త కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, మరి వెనక కూర్చునే మనిషి ఏమైపోవాలని అడిగాను. పెద్దసారు నన్ను బుజ్జగిస్తున్నట్టుగా నవ్వి, వెనక కూర్చునేవాళ్లు బండి కొనరు కదమ్మా అన్నారు. కొనకపోవచ్చు సార్, పడేది మాత్రం వాళ్లే, అన్నాను. ఆ గదిలో ఇంజను గురించి గంటల తరబడి వాదించుకున్నవారు నా మాటకి గోడగడియారం వంక చూశారు. ఇద్దరి బండి అని సుద్దముక్కతో రాసిన ఆయనే సంతకం పెట్టారు. ప్రకటనల్లో మంచుకొండల మధ్య ఒక్క మగవాడు ఒంటరిగా పోతుంటాడు, దాని కింద టూరింగు అని రాసి ఉంటుంది! ఎవడితో టూరు? ఎక్కడికి టూరు? పెళ్లాన్ని ఇంటి దగ్గర దింపేసి పోయేదానికి ఆ పేరెందుకు?

నాన్నకి ఫోను చేసి సీటు మార్చేశారని చెప్పాను. ఆయన నమ్మలేదు, మీ అమ్మ ఎక్కి చూసి బాగుందంది కదా, ఎందుకు మారుస్తారు అన్నారు. ఆయన అమాయకత్వానికి నాకు ఏడుపొచ్చింది. ఎంత మార్చినా కూర్చోడానికి సీటంటూ ఉంటుంది కదా అని ఆయనే నాకు ధైర్యం చెప్పారు. బండి అనకాపల్లి షోరూముకి వచ్చిన రోజున నేను సెలవు పెట్టి వచ్చాను. ముగ్గురం బస్సులో వెళ్లాం. అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. కిందికి జారకుండా కొంగుకి పిన్నీసు కూడా పెట్టుకుంది, అది ఎందుకో నాకు తెలుసు.

బండికి బంతిపూల దండ వేసి ఉంది. నాన్న చుట్టూ తిరిగి వచ్చి అమ్మ పక్కన నిలబడ్డారు. అమ్మ వెనక సీటు మీద అరచెయ్యి పెట్టి వెడల్పు చూసింది, తర్వాత కుడి తుంటి దగ్గర కమ్మీ ఉండవలసిన చోట తడిమింది. అక్కడ నున్నటి ప్లాస్టిక్కు తప్ప ఏమీ లేదు. షోరూము అబ్బాయి వినయంగానే, “సార్ నడుం పట్టేసుకుని ఇటో కాలూ అటో కాలూ ఏసుకు కూసోండమ్మా, ఏటీ అవదు” అన్నాడు. ఆ వయసులో, ఆ తుంటితో, ఆ చీరతో! అమ్మ చెయ్యి తీసేసి, “పదే, బస్సు దొరుకుతాది” అంది. వద్దనుకుందామని నేను నాన్నతో అన్నాను. ఆయన పదిమందికీ చెప్పుకున్న బండి అది, అప్పటికే తాళాలు చేతిలో పెట్టేశారు. మీరు పదండి, నేను వస్తాను, అన్నారు.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. తుమ్మపాలలో బస్సు ఆగినప్పుడు బయటికి చూస్తే నాన్న మా వెనకే బండి ఆపి నిలబడి ఉన్నారు. బస్సు కదిలితే ఆయనా కదిలారు. మేమంతా ఏళ్ల తరబడి కష్టపడి ఎంత వేగం పుట్టించామో నాకు తెలుసు, కన్నుమూసి తెరిచేలోగా చోడవరంలో ఉండగల బండి అది. దాన్ని ఆయన ఆర్టీసీ బస్సు వెనక, ఆగిన ప్రతి స్టాపులోనూ ఆగుతూ, మనుషులు ఎక్కీ దిగీ అయ్యేదాకా కాలు నేలకి ఆనించి ఎదురుచూస్తూ నడుపుకుంటూ వచ్చారు. బస్సులో జనం ఆ కొత్త బండిని చూసి ముచ్చటపడుతున్నారు. నాకు ఆ జనం మీద, కంపెనీ మీద, దండలోని బంతిపూల మీద కూడా కోపం వచ్చింది.

వెంకన్నపాలెంలో బస్సు ఎక్కువసేపు ఆగింది. నాన్న బండిని అమ్మ కిటికీ కిందికి తెచ్చి, హెల్మెట్టు తీసి, తలెత్తి ఆవిడతో ఏదో అన్నారు. పట్టపగలు, బస్సెడు జనం చూస్తుండగా, నన్ను మధ్యవర్తిగా పెట్టకుండా! అమ్మ చప్పున కిటికీ కమ్మీల్లోంచి మొహం ముందుకి పెట్టి, “ఏటీ? ఇనబడ్లేదు, మళ్లీ సెప్పండి” అంది. ఆయన మళ్లీ చెప్పారు. బస్సు ఇంజను మొత్తుకుంటోంది, కండక్టరు విజిలు వేశాడు, బస్సు కదిలిపోయింది. అమ్మ నా వైపు తిరిగి, “ఏటన్నారే?” అంది. నాకూ వినబడలేదు.

ఇంటికొచ్చాక అడగవచ్చు కదా అంటారు మీరు. అమ్మ అడగలేదు, నాన్న చెప్పలేదు, మా ఇంట్లో అలా మాట్లాడుకునే అలవాటు లేదు. ఏడాది తిరక్కుండా నాన్న ఆ బండి అమ్మేశారు. అరకు వెళ్లనే లేదు. నేనూ ఆ కంపెనీలో ఎక్కువ కాలం నిలవలేదు, నా బ్రాకెట్లూ నా రేకులూ వాళ్లకే వదిలేసి వచ్చేశాను.

కాలం మారింది, కాదనను. ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు వాళ్ల స్కూటర్లు వాళ్లే నడుపుకుపోతున్నారు, చూస్తే కళ్లు చల్లబడతాయి. మొగుడూ పెళ్లాం పెద్దవాళ్ల ఎదుటే పోట్లాడుకుంటున్నారు, పోట్లాడుకోనివ్వండి, అది కూడా మాటే. ఆదివారాలు పాడేరు ఘాటు వైపు టూరింగు బళ్లు బారులు కట్టి పోతుంటాయి, బండికి ఒక్క మనిషి, హెల్మెట్టుకి కెమెరా, ముక్కూ మొహం తెలియని లోకానికి దారంతా ఏదో చెప్పుకుంటూ పోతుంటారు. వాళ్లమీద నాకు కోపం లేదు. వాళ్లకి వెనక ఒక చోటు ఉండవచ్చని చెప్పిన బండి ఎవరూ చెయ్యలేదు, చేసినదాన్ని తీసి పారేశారు, ఆ పారేసినవాళ్ల మీద మాత్రం నా కోపం ఇన్నేళ్లలో చల్లారలేదు, చల్లారదు కూడా.

నాన్న పోయి చాలా ఏళ్లయింది, అమ్మ కూడా పోయింది. ఆ రోజు వెంకన్నపాలెంలో ఆయన ఏమన్నారో ఇక తెలిసే దారి లేదు. నా సీటు ఉండి ఉంటే అమ్మ బస్సు కిటికీలో ఉండేది కాదు, ఆయన వెనకే, ఆయన మాటకి జానెడు దూరంలో కూర్చుని ఉండేది.